వీథిలో వాగ్గేయకారుడు

పాటలో రెండు అంశాలున్నాయని మన పూర్వులు గుర్తించారు. మాటల కూర్పును 'మాతువు' అన్నారు. స్వరాల నడకను 'ధాతువు' అన్నారు. ఈ రెంటినీ తానే కూర్చగలవాడు వాగ్గేయకారుడు. పదమూడవ శతాబ్దంలో దేవగిరి యాదవరాజు సింఘణుని ఆశ్రయంలో ఉన్న శార్ఙ్గదేవుడు 'సంగీతరత్నాకరం' ప్రకీర్ణకాధ్యాయంలో ఉత్తమ వాగ్గేయకారునికి ఉండవలసిన లక్షణాలను వరుసగా చెప్పాడు. శబ్దశాస్త్ర జ్ఞానం, ఛందోభేదాల ఎరుక, అలంకారాలలో నేర్పు, రసభావ పరిజ్ఞానం, ఆయా దేశాల తీరుతెన్నులు తెలియడం, సకల భాషల పరిచయం, మనసుకు హత్తుకునే గాత్రం, లయతాళ జ్ఞానం, కాకువులలో వివేకం, సభను గెలిచే వాక్పటిమ, రోషద్వేషాలను విడిచిపెట్టడం, హృదయంలో ఆర్ద్రత, ఇతరుల ఎంగిలి మాట వాడకపోవడం, కొత్త ధాతువును సృష్టించడం, ఎదుటివారి మనసు తెలుసుకోవడం, వేగంగా పాట కట్టగలగడం - ఇలా సాగుతుంది ఆ పట్టిక.

పాతికేళ్ళకు పైగా యానాంలో తెలుగు అధ్యాపకుడిగా ఉన్నాను. అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగయ్యలను పరిచయం చేసే ముందు ప్రతి సంవత్సరమూ ఈ పట్టికను నల్లబల్ల మీద రాసి వివరించేవాణ్ణి. అది నాకు కంఠస్థం. కంఠస్థమైనదంతా అర్థమైనట్లే అనుకోవడం చదువుకున్నవారికి సులువుగా పట్టే భ్రమ. నాకు పట్టిన ఆ భ్రమ ఎలా వదిలిందో, వదిలేలోగా ఎవరికి నష్టం జరిగిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

యానాం చిత్రమైన ఊరు. ముప్పై చదరపు కిలోమీటర్ల నేల. మూడు పక్కలా ఆంధ్రప్రదేశ్, ఒక పక్క గౌతమీ గోదావరి. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది; ఆ తరువాత పుదుచ్చేరిలో భాగమైంది. పాలించే పట్టణం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. మాట్లాడే భాష మాత్రం గోదావరి తెలుగు. సరిహద్దు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కొత్తవారికి తెలియదు. ఇటువంటి చోట పుట్టిపెరిగినవారికి గీతలు గీసే అలవాటు ఉండకూడదు. కాని నాకు ఉండేది. శిష్ట సాహిత్యం ఇటు, వీథి పాట అటు అని మనసులో ఒక గట్టి గీత గీసుకున్నాను. ప్రబంధ సాహిత్యంలో పరిశోధన చేసి డాక్టరేటు పొందినవాణ్ణి కనుక ఆ గీత గీసే అధికారం నాకుందని కూడా అనుకున్నాను.

2003లో జరిగిన సంగతి. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం తరగతిలో గోదావరి గట్టునున్న మత్స్యకారుల పేట నుంచి వచ్చే ఒక కుర్రవాడు ఉండేవాడు. చదువులో మధ్యస్థుడు. గొంతు మాత్రం అపూర్వమైనది. వల లాగేటప్పుడు వాళ్ళ పెద్దలు పాడుకునే పాటలు, ఎక్కడెక్కడో విన్న ఉద్యమగీతాలు, పడవ మీద పాడుకునే పదాలు - ఏదైనా సరే, ఎత్తుకుంటే నడవాలో పోయేవారు ఆగి వినేవారు. కళాశాలలో ఏ ఉత్సవం జరిగినా వాడి పాట లేకుండా ముగిసేది కాదు.

ఆ రోజు వాగ్గేయకార లక్షణాలు చెప్పడం పూర్తిచేసి, "సందేహాలుంటే అడగండి" అన్నాను. చివరి బల్ల నుంచి వాడు లేచాడు.

"మాస్టారండీ, మరి వంగపండు ప్రసాదరావు గారు వాగ్గేయకారులు కారాండీ? పాట ఆయనే కడతారు, ఆయనే పాడతారు గదండీ?"

నాకు నవ్వు వచ్చింది. అంతకుముందు ఒక చిన్న పాటల పుస్తకంలో వంగపండు పాటలు కొన్ని చదివి ఉన్నాను. చదివి, వాటిలో సమాసాలు లేవనీ, చెప్పిన మాటే మళ్ళీ మళ్ళీ వస్తుందనీ, వ్యాకరణం పట్టింపు లేదనీ తేల్చి పక్కన పెట్టాను. ఆ ధీమాతోనే అన్నాను: "అవి నినాదాలయ్యా, కీర్తనలు కావు. వీథిలో పాడేదానికీ సాహిత్యానికీ చాలా దూరం."

వాడు కూర్చోలేదు. "త్యాగయ్య గారు కూడా ఉంఛవృత్తి చేసుకుంటూ వీథుల్లోనే పాడుతూ వెళ్ళేవారని నిన్న మీరే చెప్పారు గదండీ."

తరగతి గొల్లుమంది. పిల్లలు నవ్వింది వాడి మాటకో, నా ముఖం చూసో తెలియదు. నాకు మాత్రం అవమానం అనిపించింది. "అయితే రేపటి నుంచి పాఠం నువ్వే చెప్పు. మేమందరం వింటాం" అన్నాను కటువుగా. వాడు తల వంచుకుని, "ఆయ్, తప్పయిపోయిందండీ" అని కూర్చున్నాడు.

వాడు అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు, నోరు మూయించాను. ఈ రెంటికీ గల భేదం ఆనాడు నాకు తోచలేదు. ఆ సంవత్సరం వార్షికోత్సవంలో వాడు పాడలేదు. గొంతు బాగా లేదన్నాడని ఎవరో చెప్పారు. నేను పట్టించుకోలేదు.

ఇంతకూ ఎవరీ వంగపండు? ఈనాటి పార్వతీపురం మన్యం జిల్లాలోని పెదబొండపల్లిలో 1943లో జన్మించారు. విశాఖపట్నంలో షిప్‌యార్డు కార్మికునిగా పనిచేశారు. 1960ల చివరి సంవత్సరాలలో శ్రీకాకుళం కొండలలో గిరిజన రైతాంగ పోరాటం చెలరేగింది. ఆ ప్రాంతంలో సుబ్బారావు పాణిగ్రాహి అనే కవి జముకుల కథను ఆ పోరాటానికి గొంతుగా మలిచి, 1969లో ప్రాణాలు కోల్పోయాడు. వంగపండు పాట ఆ వాతావరణంలోనే పదును దేరింది. 1972లో రూపుకొన్న జననాట్యమండలి వ్యవస్థాపకులలో ఆయన ఒకరు. తెలంగాణ నేల నుంచి గద్దర్, కళింగాంధ్ర నేల నుంచి వంగపండు - ఈ ఇద్దరూ తెలుగునాట ప్రజాగీతానికి కొత్త రూపురేఖలు దిద్దారు. వంగపండు వందలకొద్దీ పాటలు కట్టారు. వీథి భాగవతం బాణీని ఆధారం చేసుకుని 'భూమి భాగోతం' అనే నృత్యనాటకం రచించారు. 1986లో ఆర్. నారాయణమూర్తి దర్శకత్వంలో వచ్చిన 'అర్ధరాత్రి స్వతంత్రం' చిత్రం ద్వారా 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' అనే ఆయన పాట ఇంటింటికీ చేరింది. పడమటి దేశాలలో గిటారు పట్టి, తన పాట తానే రాసుకుని, వేలమంది ఎదుట దశాబ్దాల తరబడి పాడిన రాక్ గాయకులను అక్కడివారు ఎంతో ఆదరిస్తారు. అటువంటి జీవితమే మన వంగపండుది. గిటారుకు బదులు ఇక్కడ డప్పు, డోలక్కు, కాలిగజ్జె. రంగమందిరానికి బదులు సంతబయలు, ఫ్యాక్టరీ గేటు, ఊరి రచ్చబండ.

ఉత్తరాంధ్ర నుంచి పాట వచ్చి గోదావరి తీరాన్ని కదిలించడం వంగపండుతో మొదలుకాలేదు. శ్రీకాకుళం ప్రాంతంలోని గోనెపాడులో 1893లో పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణ సహాయనిరాకరణ కాలంలో రాజమహేంద్రవరం వీథులలో తన పాట తానే పాడుకుంటూ తిరిగాడు. తెల్లదొరతనం మాకొద్దని చెప్పిన ఆ పాట జనం నోళ్ళలో పడింది. కవి చెరసాల పాలయ్యాడు. ఆ రోజులలో యానాంలో ఏలిక వేరు, చట్టం వేరు. అయినా కట్టిన పాటకు సరిహద్దు సుంకం ఉండదు. గరిమెళ్ళను నేను జాతీయోద్యమ సాహిత్యమనే శీర్షిక కింద భక్తితో బోధించేవాణ్ణి. అదే వీథిలో, అదే పద్ధతిలో మరొకడు నా కాలంలో పాడితే మాత్రం నినాదమన్నాను. కాలం గడిచి పుస్తకంలోకి ఎక్కితేనే గౌరవం ఇవ్వడం పండితులకున్న ఒక బలహీనత.

తరగతిలో ఆ సంఘటన జరిగిన రెండు మూడేళ్ళ తరువాత ఒక సాయంత్రం పని మీద కాకినాడ వెళ్ళి తిరిగి వస్తున్నాను. జగన్నాథపురం వైపు వచ్చేసరికి రోడ్డంతా జనం. ఏదో కార్మిక సభ జరుగుతోందట. బస్సు కదిలే సూచన లేదు. దిగి, పుస్తకాల సంచి చంకన పెట్టుకుని, విసుగుతోనే జనం అంచున నిలబడ్డాను. వంగపండు పాడబోతున్నారని పక్కవారు చెప్పుకుంటున్నారు. వెళ్ళిపోదామంటే దారి లేదు.

మొదట డప్పు మోగింది. ఒకే దరువు, నిదానంగా. మాటలాడుకుంటున్న జనం క్రమంగా సద్దుమణిగారు. కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, భుజాన కండువాతో అరవై దాటిన ఒక మనిషి వేదిక ముందుకు వచ్చాడు. ఎత్తరి కాదు, బలిష్ఠుడూ కాదు. మన ఊళ్ళో ఏ చెరువుగట్టు మీద ఎదురైనా ప్రత్యేకంగా తలతిప్పి చూడం. అడుగు వేశాడు, గజ్జె పలికింది. ఇంకొక అడుగు, డప్పు ఆ అడుగును అందుకుంది. అప్పుడు గొంతెత్తాడు.

ఆ గొంతులో మెరుగులు లేవు. కచేరీలలో మెచ్చుకునే నునుపు లేదు. కాని బయలులో చివరి వరుస దాకా ప్రతి అక్షరమూ విడివిడిగా వినిపించింది. ఒక చరణం పాడి ఆగేవాడు. ఆగి, రెండు మాటలు మామూలుగా చెప్పేవాడు. పక్కింటివాడు అరుగు మీద కూర్చుని చెప్పినట్లు. ఆ మాటలు పూర్తిగా ముగియకుండానే పాటలోకి జారేవాడు. మాట ఎక్కడ ఆగిందో, పాట ఎక్కడ మొదలైందో పట్టుకోవడం నా వల్ల కాలేదు. ఒకే పల్లవి నాలుగుసార్లు వచ్చింది. మొదటిసారి అది ప్రశ్న. రెండవసారి వెక్కిరింత. మూడవసారి ఏడుపు. నాలుగవసారి పిలుపు. పుస్తకంలో చదివినప్పుడు "చెప్పిందే చెప్పాడు" అని నేను విసుక్కున్నది ఈ పల్లవినే. అక్షరాలు మారలేదు, కాకువు మారింది. అచ్చులో కాకువు ఉండదు కదా!

యంత్రం ఎలా నడుస్తుందో చెప్పే పాట ఎత్తుకున్నప్పుడు సభ తీరే మారిపోయింది. అక్కడున్నవారిలో ఎక్కువమంది రేవులో మూటలు మోసేవారు, మిల్లుల్లో పనిచేసేవారు. షిప్‌యార్డులో ఇనుముతో చేయి కలిపిన మనిషి కట్టిన పాట అది. దాని లయ ఏ తాళశాస్త్రం నుంచీ రాలేదు. పనిలో చేయి కదిలే తీరు నుంచి వచ్చింది. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి ఎక్కడ బిగబడుతుందో అక్కడ దరువు పడింది. దించేటప్పుడు ఎక్కడ విడుస్తామో అక్కడ పాదం విరిగింది. నా పక్కన నిలబడిన ఒక వృద్ధ హమాలీ ఆ విరుపు దగ్గర తనకు తెలియకుండానే భుజం కిందికి వంచుతున్నాడు. ఛందస్సులో యతి అంటే విశ్రాంతి స్థానమని చెప్పే అర్థాన్ని ఎందరికో బోధించాను. ఆ విశ్రాంతి ఎవరికి, ఎందుకు అవసరమో ఆ భుజాన్ని చూసి తెలుసుకున్నాను.

చివరగా అందరూ ఎదురుచూస్తున్న పాట వచ్చింది. 'ఎల్దమొస్తవ' అనే ఆ మాటను గురించి భాషాభ్యాసకులు ఒకసారి ఆలోచించాలి. 'వెళ్దాం, వస్తావా' అనే రెండు క్రియల కలయిక అది. పదాది వకారం లోపించింది, దీర్ఘాలు కురుచబడ్డాయి, రెండు క్రియలు ఒక్క ఊపిరిలో కలిసిపోయాయి. ఉత్తరాంధ్ర పల్లెలో మనిషి మనిషిని పిలిచే తీరు అది. దాన్ని వ్యాకరణ శుద్ధంగా దిద్దితే అర్థం మిగులుతుంది, పిలుపు పోతుంది. గోదావరి జిల్లాలో ఆ మాట ఎవరూ అలా పలకరు. అయినా ఆ రాత్రి వేలమంది గోదావరి గొంతులు దాన్ని అలాగే పలికాయి. తన యాసను దాచుకోకుండా పాడినవాడికి ఇతర ప్రాంతాలవారు తమ గొంతు అరువిచ్చారు.

అందరూ వంత పాడుతున్నారు. నేను పెదవి కదపకుండా నిలబడ్డాను. పక్కనున్న హమాలీ తాత నా సంచి వైపు, కళ్ళద్దాల వైపు చూసి, "తమరు పాడరేంటండీ? మాటలు రావాండీ?" అని మర్యాదగానే అడిగాడు.

నాకు మాటలు వచ్చు. పుస్తకంలో చదివాను. పాటే రాదు. ఆయనకు ఆ సంగతి ఎలా చెప్పను? చిరునవ్వు నవ్వి ఊరుకున్నాను.

సభ ముగిసి బస్సు కదిలేసరికి చాలా పొద్దుపోయింది. కోరంగి, తాళ్ళరేవు దాటుతుండగా చీకట్లో నా పట్టిక నాకు గుర్తుకు వచ్చింది. ఒక్కొక్క లక్షణమే తీసి ఆ సాయంకాలానికి పెట్టి చూశాను. దేశస్థితుల ఎరుక ఉంది. భాషాజ్ఞానం ఉంది, అది నిఘంటువులలో లేని భాష. లయజ్ఞానం ఉంది. కాకువులలో వివేకం నేను ఎన్నడూ వినని స్థాయిలో ఉంది. సభను గెలిచే వాక్పటిమకు వేలమంది సాక్షులు. ఎంగిలిపడని మాట, కొత్త ధాతువు, పరచిత్త పరిజ్ఞానం - అన్నీ ఉన్నాయి. మరొక సంగతి కూడా అప్పుడే మనసుకు తట్టింది. ఎంత రమ్యంగా మాటలు కూర్చినా ధాతువు మందమైతే అతణ్ణి అధముడనే అన్నాడు శార్ఙ్గదేవుడు. అంటే పాటకు స్వరం అంత ముఖ్యం. అటువంటి పాటను నేను అచ్చుపుస్తకంలో చదివి, మాతువును మాత్రమే చూసి, తీర్పు చెప్పేశాను. సగం సాక్ష్యం విని శిక్ష వేసిన న్యాయాధికారికీ నాకూ భేదం ఏముంది?

ఒక్క లక్షణం దగ్గర మాత్రం ఆగిపోయాను. రోషద్వేష పరిత్యాగం. వంగపండు పాటలో రోషం ఉంది. దాచుకోని రోషం. భూమి లేనివాడి పక్షాన, కూలి అందనివాడి పక్షాన మండిపడే రోషం. శాస్త్రం వద్దన్నది ఇదే కదా? నా పాత తీర్పుకు ఇదొక్కటైనా ఆధారం మిగిలిందని ఒక క్షణం ఊరట కూడా పొందాను.

ఆ ఊరట యానాం చేరేదాకా నిలవలేదు. ఆదికవి వాల్మీకి నోట వెలువడిన మొదటి శ్లోకం ఏది? క్రౌంచపక్షుల జంటలో ఒకదాన్ని కొట్టిన బోయవానికి ఇచ్చిన శాపం. శోకం శ్లోకమైందని మనం కరుణను మాత్రమే చెప్పుకుంటాం. కాని ఆ శ్లోకం ఆకారం శాపం. అందులో ఉన్నది ధర్మాగ్రహం. ఆడపక్షి ఏడుపు విని కరిగిన మనసే కొట్టినవాడి మీద కోపించింది. కరగని మనసుకు ఆ కోపం రాదు. తన కోసం పుట్టే రోషం వేరు, పరుల కోసం పుట్టే రోషం వేరు. శార్ఙ్గదేవుడు విడువమన్నది మొదటిదాన్ని అని నేను అర్థం చేసుకున్నాను. ఎందుకంటే ఆయన రోషద్వేషాలను విడవమన్న వెంటనే చెప్పిన లక్షణం ఆర్ద్రత. మనసు తడిగా ఉన్నవాడు అన్యాయాన్ని చూసి చల్లగా ఉండలేడు. వంగపండు నమ్మిన రాజకీయాలతో అందరూ ఏకీభవించాలన్న నియమం లేదు. నేను కూడా అన్నింటితో ఏకీభవించను. కాని ఆయన పాట వాగ్గేయం కాదనడానికి నాకు శాస్త్రంలో ఆధారం దొరకలేదు. వెదికి చూస్తే, ఆనాడు తరగతిలో రోషం చూపినవాణ్ణి నేనే. అదీ నా కోసం పుట్టిన రోషం.

ఇంత తెలిసిన తరువాతనైనా ఆ కుర్రవాణ్ణి వెదికి పట్టుకుని చెప్పవలసింది. చెప్పలేదు. అప్పటికి వాడు కళాశాల వదిలివెళ్ళాడు. అధ్యాపకుడు తప్పు ఒప్పుకోవడానికి ఎన్నో కారణాలు అడ్డు చెప్పుకోగలడు. నేనూ చెప్పుకున్నాను. పాఠంలో మాత్రం వంగపండు పేరు, గద్దర్ పేరు, గోరటి వెంకన్న పేరు చేర్చి ఊరుకున్నాను.

2016లో అమెరికా గాయకకవి బాబ్ డిలన్‌కు సాహిత్యంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. అమెరికా పాటల సంప్రదాయంలో కొత్త కవితాభివ్యక్తిని సృష్టించినందుకు ఆ గౌరవమన్నారు. పాట సాహిత్యం అవుతుందా అని ప్రపంచమంతా వాదించుకుంది. మా అధ్యాపకుల గదిలోనూ ఆ వాదం నడిచింది. నేను నోరు విప్పలేదు. నదికి ఆనుకుని ఉన్న ఒక తరగతి గదిలో పదమూడేళ్ళ క్రితమే ఆ ప్రశ్న వచ్చిందనీ, అడిగినవాడికి పదిహేడేళ్ళనీ, అతని నోరు నేనే మూయించాననీ వారికి ఎలా చెప్పను? తరువాత 2021 సంవత్సరానికి గోరటి వెంకన్న 'వల్లంకి తాళం' కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకుంది. వీథి పాటకు పీట వేయడానికి సభలు కొంచెం ఆలస్యంగానైనా ముందుకు వచ్చాయి.

అప్పటికి వంగపండు లేరు. 2020 ఆగస్టు 4వ తేదీన పార్వతీపురంలో తమ ఇంట గుండెపోటుతో మరణించారు. ఆయన వయస్సు డెబ్బై ఏడేళ్ళు. కరోనా రోజులు అవి. మనుషులు గుమిగూడరాదు, సభలు లేవు. జీవితమంతా జనం మధ్య నిలబడి పాడిన మనిషి, జనం కలవకూడని రోజులలో వెళ్ళిపోయారు. మూడేళ్ళ తరువాత, 2023 ఆగస్టు 6న గద్దర్ కూడా తనువు చాలించారు.

వంగపండు మరణవార్త విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు పాత విద్యార్థులను అడిగి ఆ కుర్రవాడి ఫోను నంబరు సంపాదించాను. ఇప్పుడు కుర్రవాడేమీ కాడు. ముప్పై నాలుగేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, రొయ్యల కంపెనీలో సూపర్‌వైజరు. నా గొంతు వెంటనే గుర్తుపట్టాడు.

"వంగపండు గారు పోయారయ్యా" అన్నాను.

"ఆయ్, టీవీలో చూశానండీ మాస్టారూ."

కాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు. "ఒకప్పుడు క్లాసులో నువ్వొక ప్రశ్న అడిగావు. నేను తప్పు జవాబు చెప్పాను. ఆయన వాగ్గేయకారుడే. నువ్వన్నదే నిజం" అన్నాను.

"అయ్యో, అదెప్పుడో మర్చిపోయానండీ" అన్నాడు. మర్చిపోలేదని ఆ 'అయ్యో'లోనే తెలిసింది.

"ఇప్పుడు పాడుతున్నావా?"

"లేదండీ. అప్పుడే మానేశానండీ. పిల్లలు అడిగినా రావడం లేదండీ." కొంచెం ఆగి, నన్ను సంతోషపెట్టడానికన్నట్లు ఇలా అన్నాడు: "మీరు చెప్పిన లక్షణాలు మాత్రం ఇప్పటికీ నోటికి వచ్చండీ."

వచ్చునని ఊరుకోకుండా శబ్దజ్ఞానం దగ్గర మొదలుపెట్టి ఒక్కటీ తప్పిపోకుండా అప్పజెప్పాడు. నేను విన్నాను. బోధించినవాడిగా గర్వపడవలసిన క్షణం. నా పాఠం వాడికి మిగిలింది. వాడి పాట పోయింది. నా ఉద్యోగ జీవితంలో అంత బరువైన అప్పజెప్పు మరొకటి వినలేదు.

జరిగిన నష్టాన్ని పూడ్చే శక్తి నాకు లేదు. చేయగలిగింది ఒక్కటే ఉంది. ఇప్పుడు వాగ్గేయకారుల పాఠం మొదలుపెట్టే రోజున నల్లబల్ల మీద పట్టిక రాయను. "మీ ఇంట్లో, మీ పేటలో ఎవరైనా పాడే పాట ఒకటి పాడండి" అంటాను. మొదట ఎవరూ లేవరు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వీథి పాట తరగతికి తగదని వారికీ ఎవరో ఎక్కడో చెప్పే ఉంటారు. కొంతసేపు వేచి ఉంటాను.

పోయిన సంవత్సరం ఒక అమ్మాయి లేచింది. వాళ్ళ అమ్మమ్మ వరినాట్లు వేసేటప్పుడు పాడే పాటట. సిగ్గుపడుతూ రెండు చరణాలు పాడింది. మాటలు చాలా తక్కువ; అయితే వంగి నాటే నడుము, బురదలోంచి పైకి తీసే పాదం ఆ పాట నడకలో స్పష్టంగా వినిపించాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను ఆ మాటలను బల్ల మీద రాసి, కింద 'మాతువు' అని రాశాను. "మరి ధాతువు ఎక్కడుంది సార్?" అని ఒకరు అడిగారు. బల్ల మీద రాయడానికి నాకు చేతకాలేదు. ఆ అమ్మాయి వైపు తిరిగి, "ఇంకొకసారి పాడమ్మా" అన్నాను.